‘లడ్కా క్యా కర్తా?’ అంటే ‘ఫోటోగ్రఫీ’... కెమెరా పనిలో క్లయింట్లు ఎలా దొరుకుతారు, డబ్బు ఎలా నిలుస్తుంది?

పోయినేడు మా ఖాలా కొడుక్కి ఒక రిష్తా వచ్చింది. అమ్మాయి తరఫు పెద్దాయన చాయ్ తాగుతూ “లడ్కా క్యా కర్తా?” అని అడిగారు. “ఫోటోగ్రఫీ” అన్నారు మా ఖాలూ. “అది సరే భాయ్, పని ఏం చేస్తాడు?” అన్నారాయన. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రిష్తా ముందుకు పోలేదు.

ఆ రాత్రే ఖాలా నాకు ఫోన్ చేసింది. “నువ్వు బీకాం చదివావు కదా బేటా, వాడి లెక్కలు ఒకసారి చూడు. ఆ కెమెరాతో ఇల్లు గడుస్తుందో లేదో నాకు చెప్పు” అంది. మరుసటి ఆదివారం మెహదీపట్నంలో వాళ్లింటికి వెళ్లి వాడి ఫోన్, డైరీ ముందేసుకుని కూర్చున్నాను. ఏడాదిలో 31 ఫంక్షన్లు చేశాడు. అంటే పని లేదనడానికి వీల్లేదు. బ్యాంకులో ఉన్నది మాత్రం 9 వేలు. బయట రావాల్సింది 86 వేలు. ఆరుగురి దగ్గర ఆగింది, అందులో నలుగురు చుట్టాలే.

క్లయింట్లను ఎలా తెచ్చుకోవాలని అడిగే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. మన ఇళ్లలో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఒకరికి కెమెరా మీద మనసుంటోంది. కానీ ఈ నెల రోజుల్లో నేను మాట్లాడిన ఫోటోగ్రాఫర్లంతా ఒకే మాట చెప్పారు. మొదటి ఏడాది పని దొరకడం అంత కష్టం కాదట, మూడో ఏడాది కూడా అదే పనిలో ఉండటం కష్టమట. అందుకే ఇక్కడ రెండూ కలిపే రాస్తున్నాను.

మొదటి పని ఎక్కడి నుంచి వస్తుంది?

ఇన్‌స్టాగ్రామ్ నుంచి మాత్రం కాదు. గుంటూరులో పదేళ్లుగా సొంతంగా చేస్తున్న ఒక ఫోటోగ్రాఫర్ భాయ్ తన మొదటి 20 పనుల్లో 17 వేరే స్టూడియోల కోసం చేసినవేనన్నారు. పెళ్లి ఫోటోల రంగం తెలుగు రాష్ట్రాల్లో ఇలాగే నడుస్తుంది. ఆర్డర్ తీసుకున్న స్టూడియో దగ్గర అన్ని పనులకీ సొంత మనుషులుండరు. ట్రెడిషనల్ ఫోటో ఒకరు, క్యాండిడ్ ఒకరు, వీడియో ఒకరు, డ్రోన్ ఒకరు అని రోజుకూలీ మీద పిలుస్తారు. మంచి ముహూర్తాలున్న వారం ముందు ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో “14వ తారీఖు క్యాండిడ్ కావాలి, కెమెరాతో రావాలి” అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. కొత్తవాళ్లకి తలుపు తెరుచుకునేది అక్కడే.

కొంతమంది పిల్లలు దీన్ని చిన్నతనంగా చూస్తారు. నా పేరు రాదు, ఫోటోలు నావి అని చెప్పుకోలేను అంటారు. నిజమే. కానీ జనం నిండిన స్టేజీ మీద తోసుకుంటున్న చుట్టాల మధ్య ఫ్రేమ్ ఎలా పట్టాలి, హాల్లో ఎర్ర లైట్లు, నీలం లైట్లు కలిసినప్పుడు ముఖం రంగు ఎలా కాపాడాలి, ఖాజీ సాబ్ ఈజాబ్-కుబూల్ చదివిస్తున్న రెండు నిమిషాల్లో ఎక్కడ నిలబడాలి అన్నవి ఇంకొకరి ఆర్డర్ మీద నేర్చుకుంటేనే మంచిది. ఎవరో ఒకరి నికాహ్ మీద ప్రయోగం చేసి పాడు చేస్తే, అది మళ్లీ తీయడానికి కుదిరే ఫోటో కాదు. చదువుగా నేర్చుకోవాలనుకుంటే మాసాబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీయే ఉంది. ఈ సంగతి మన కాలేజీ పిల్లల్లో చాలామందికి తెలియదు.

స్టూడియోల కింద ఏడాది, ఏడాదిన్నర చేశాక సొంత ఆర్డర్లు మొదలవుతాయి. అవి వచ్చే దారి కూడా మనుషుల గుండానే. దుల్హన్‌ని తయారుచేసే బ్యూటీషియన్, మెహందీ పెట్టే అమ్మాయి, స్టేజీ డెకరేషన్ వాళ్లు, షాదీఖానా మేనేజర్, వంట మాస్టర్, వీళ్లందరికీ ఫోటోగ్రాఫర్ కంటే ముందే పెళ్లి తారీఖు తెలుస్తుంది. మెహందీ పెట్టిన చేతుల ఫోటోలు నాలుగు శుభ్రంగా తీసి, ఇంటివాళ్ల అనుమతితో ఆ అమ్మాయికి ఉచితంగా ఇవ్వండి. ఆమె తన పేజీలో పెట్టుకుంటుంది, వచ్చే పెళ్లికి మీ నంబరు ఇస్తుంది. ఇదొక్కటే తనకి ఏడాదికి ఏడెనిమిది ఆర్డర్లు తెస్తోందని టోలీచౌకిలో ఒక ఆపా చెప్పారు. ఆమె గురించి కింద ఇంకా రాస్తాను. కొన్ని హాళ్లు మాత్రం కమీషన్ అడుగుతాయి. ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం. ఇస్తే మాత్రం దాన్ని ఖర్చుల్లో రాసుకుని రేటు చెప్పండి, తర్వాత నాకేం మిగల్లేదని బాధపడకండి.

పదిహేను వేల లెక్క

మా వాడి డైరీలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించిన అంకె 15,000. వలీమాకి ఒక పూట, ఒక ఆల్బమ్. ఇద్దరం కూర్చుని ఆ ఒక్క ఆర్డర్ విప్పి చూశాం. అసిస్టెంట్‌కి 3,000. ఆటో, పెట్రోలు కలిపి 800. ఆల్బమ్ డిజైన్, ప్రింటు 4,500. కలర్ కరెక్షన్ బయట చేయించినందుకు 2,000. కార్డులు, హార్డ్ డిస్క్ వంతు 500. ఇంతవరకూ వాడికీ తెలుసు. వాడు ఎప్పుడూ రాయని అంకె ఇంకొకటుంది, కెమెరా అరుగుదల. లక్షా అరవై వేలు పెట్టి కొన్న కెమెరా, లెన్సు నాలుగేళ్లు పనిచేస్తాయనుకుంటే ఏడాదికి 40 వేలు. ఏడాదికి 40 పని రోజులనుకున్నా రోజుకి వెయ్యి. కామర్స్ భాషలో డిప్రిసియేషన్ అంటారు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ మాత్రం అది వాడి జేబులోంచి పోతున్న డబ్బు.

మొత్తం ఖర్చు 11,800. మిగిలింది 3,200. పని ఒక పూటే కదా అనుకుంటాం. కానీ ఫోటోలు ఏరడానికి, క్లయింటుకి చూపించడానికి, మార్పులు చేయడానికి మరో మూడు రోజులు పట్టింది. నాలుగు రోజులకి 3,200 అంటే రోజుకి 800. “అరే భాయ్, నేను పెట్టుకున్న అసిస్టెంటే నాకంటే ఎక్కువ తీసుకుపోతున్నాడా?” అని నవ్వాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అందుకే రేటు పక్కవాడిని చూసి పెట్టకూడదు. మీ ఖర్చులు ఒక కాగితం మీద రాసి, ఎన్ని రోజుల పనో లెక్కేసి, దాని మీద మీ కూలీ కలపండి. వచ్చిన అంకె ఊళ్లో నడిచే రేటు కంటే ఎక్కువైతే రేటు తగ్గించకండి. ఇచ్చేది తగ్గించండి. ఆల్బమ్ తీసేసి పెన్ డ్రైవ్ మాత్రమే ఇస్తాననండి, లేదా నాలుగు గంటలే ఉంటాననండి. పది వేలకే చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో చాలామంది రెండేళ్లకి కెమెరా అమ్మేస్తారు, మళ్లీ కొత్తవాళ్లొస్తారు.

మనోడే కదా

మన పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్‌ని రాత్రి 7 గంటలకి రమ్మంటారు. బరాత్ వచ్చేసరికి 11 దాటుతుంది. స్టేజీ మీద గ్రూప్ ఫోటోలు అయ్యేసరికి ఒంటిగంట, రుఖ్సత్ రెండింటికి. హైదరాబాద్‌లో పెరిగిన మనకి ఇది మామూలే. పని చేసేవాడికి మాత్రం అది ఏడు గంటల పని, డబ్బు నాలుగు గంటలకి. పైగా మాట నోటితో చెప్పుకున్నది. అడ్వాన్సు తీసుకోరు, తీసుకుంటే రెండు వేలు. ఎందుకంటే పిలిచింది మామూ స్నేహితుడు, అడిగితే బాగోదు.

కాగితం అంటే వకీలు రాసే పెద్ద అగ్రిమెంటు అక్కర్లేదు. వాట్సాప్‌లో పది లైన్లు చాలు, అవతలివాళ్లు “ఓకే” అని జవాబివ్వాలి, అంతే. తారీఖు, హాలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఆ టైమ్ దాటితే గంటకి ఎంత, ఎన్ని ఫోటోలు, ఎన్ని రోజుల్లో, మార్పులు ఎన్నిసార్లు. డబ్బు మూడు భాగాలు. తారీఖు ఖాయం చేసినప్పుడు కొంత, ఫంక్షన్ రోజున కొంత, ఆల్బమ్ చేతికిచ్చే ముందు మిగతాది. చివరి భాగం అందాకే ఆల్బమ్. మా వాడు 28 వేలు పోగొట్టుకున్న పెళ్లిలో ఫోటోలన్నీ ముందే ఇచ్చేశాడు. ఆ తర్వాత వాళ్లు ఫోనే ఎత్తలేదు. వాళ్లు ఈద్‌కి ఇప్పటికీ మా ఇంటికి వస్తారు, షీర్ ఖుర్మా తాగుతారు, ఆ మాట మాత్రం ఎత్తరు.

కాగితం రెండు వైపులా కాపాడుతుంది. డబ్బు తీసుకుని ఫోటోలు ఇవ్వకపోయినా, పోగొట్టినా అది సేవాలోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద క్లయింటు కమిషన్‌కి వెళ్లొచ్చు. రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డయ్యే కెమెరా వాడటం, ఇంటికి రాగానే రెండు డిస్కుల్లో కాపీ చేయడం, అందులో ఒకటి వేరే ఇంట్లో పెట్టడం, డెలివరీ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయకపోవడం, ఇవన్నీ అందుకే.

ఇంకో విషయం చాలామంది ఫోటోగ్రాఫర్లకే తెలియదు. “నేను తీశాను కాబట్టి ఫోటో నాది” అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, వేరే ఒప్పందం ఉంటే తప్ప. అంటే దుల్హన్ ఫోటో మీ పేజీలో పెట్టుకోవాలంటే ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మన ఇళ్లలో ఇది చట్టం దగ్గర ఆగే విషయం కూడా కాదు. ఒక్క ఫోటో అడక్కుండా పెడితే ఆ బస్తీలో మీకు ఇంకో పని రాదు.

జనానా వైపు

ఇక టోలీచౌకి ఆపా సంగతి. ఆమె ఆడవాళ్ల వైపు మాత్రమే చేస్తారు. ఆమె దగ్గర పనిచేసే ఇద్దరూ అమ్మాయిలే. మాంఝే, సాంచక్, నికాహ్, వలీమా అన్నీ కలిపి ఏడాదికి 60 రోజులకి తక్కువ కాకుండా బుక్ అవుతున్నారట. రేటు మగ ఫోటోగ్రాఫర్ల కంటే ఎక్కువే, అయినా ఆమెనే అడుగుతున్నారు. కారణం మనకి తెలిసిందే. చాలా కుటుంబాలు ఆడవాళ్ల హాల్లోకి మగ కెమెరామన్ రావడం ఒప్పుకోవు. నిన్నమొన్నటి దాకా అలాంటి ఇళ్లలో ఫోన్లతో తీసిన మసక ఫోటోలే మిగిలేవి.

ఈ అవసరం కొత్తదేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపించింది ఒక ఇంగ్లిష్ మహిళ, మిసెస్ కెన్నీ-లెవిక్. నిజాం ఆయనకి ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదు కూడా ఇచ్చారు. నూట ముప్పై ఏళ్ల క్రితం ఒక వ్యాపారి గుర్తించిన గిరాకీని మనం ఇప్పటికీ పూర్తిగా తీర్చలేదు. ఫోటో తీయించుకోవడం మీద ఉలమాల్లోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి, మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి. ఆ చర్చలోకి నేను పోవడం లేదు. తీయించుకుంటున్న ఇళ్ల గురించి మాట్లాడుతున్నాను.

ఆపాకి ఆర్డర్లు తెచ్చేది కెమెరా కాదని ఆమే అన్నారు. ఆమె మొదటి సమావేశంలోనే దుల్హన్ అమ్మీకి చెప్పే నాలుగు మాటలట. ఫోటోలు మా అమ్మాయిలే ఎడిట్ చేస్తారు, బయటికి పోవు. ఆన్‌లైన్ లింకులు పంపం, డిస్కులో పెట్టి చేతికిస్తాం. మీరు ఫోటోలు అందాయని చెప్పిన నెల తర్వాత మా దగ్గరున్నవి తుడిచేస్తాం. నాలుగోది చిక్కైనది. ఆల్బమ్ ప్రింటుకి ల్యాబ్‌కి పంపితే అక్కడ మగవాళ్లు చూస్తారు. దాన్ని దాచకుండా ముందే చెబుతారు. వద్దన్నవాళ్లకి ఇంట్లోనే చిన్న ప్రింటర్ మీద ప్రింట్లు తీసి ఇస్తారు, దానికి విడిగా డబ్బు. “అబద్ధం చెప్పి ఒక ఆర్డర్ తెచ్చుకోవచ్చు భాయ్, కానీ వాళ్ల చెల్లెలి పెళ్లి నాకు రాదు” అన్నారు. ఆమె పనుల్లో సగానికి పైగా ఇలా అక్క తర్వాత చెల్లి, చెల్లి తర్వాత వదిన వరుసలో వచ్చినవే.

మరి ఫోటోలు ఎవరికీ చూపించకుండా కొత్త క్లయింటుకి పనితనం ఎలా చూపిస్తారు? ఆమె ఫోన్‌లో ఉన్న 40 ఫోటోల్లో ఒక్క ముఖం కూడా లేదు. ఖడా దుపట్టా అంచు, గాజుల చేతులు, సియాహానామా మీద సంతకం పెడుతున్న వేళ్లు, పూల చాదర్ వెనక నిలబడ్డ నీడ, దస్తర్‌ఖాన్ మీద మెరుస్తున్న గిన్నెలు. ముఖాలున్న ఫోటోల కంటే ఇవే నాకు ఎక్కువసేపు గుర్తున్నాయి.

ఈ పనికి ఒక పెద్ద అడ్డంకి ఉంది. రాత్రి రెండింటికి ఇంటికి చేరడం. ఆపా మొదట్లో తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లేవారు, వాడు హాలు బయట బైక్ మీద కునుకు తీసేవాడట. ఇప్పుడు రానూపోనూ కారు క్లయింటే పెట్టాలని షరతులో రాస్తారు. కూతురు ఈ పని చేస్తానంటే రాత్రి ప్రయాణం గురించి భయపడే అమ్మీ అబ్బాలకి నేను చెప్పగలిగింది ఇదే. భయం న్యాయమైనదే, దానికి జవాబు పని మాన్పించడం కాదు, కారుకి డబ్బు రేటులో కలపడం.

రెండు క్యాలెండర్లు గోడకి తగిలించండి

పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి జీతం పన్నెండు నెలలూ రాదు. రమజాన్‌లో మన పెళ్లిళ్లుండవు. మొహర్రంలో, చాలా ఇళ్లలో సఫర్‌లో కూడా పెట్టుకోరు, అది ఆనవాయితీ. షవ్వాల్ రాగానే ఒకేసారి అందరికీ కావాలి. గుంటూరు భాయ్ ఈ కష్టం పెద్దగా పడలేదు. ఆయన క్లయింట్లలో ఎక్కువమంది హిందువులు. అక్కడ ఆషాఢం, పుష్యం, మౌఢ్యం రోజులు ఖాళీ, వైశాఖం, శ్రావణం, మాఘం తీరిక లేని పని. ఆయన గోడ మీద పంచాంగం క్యాలెండర్ పక్కనే హిజ్రీ క్యాలెండర్ ఉంటుంది.

హిజ్రీ ఏడాది ఇంగ్లిష్ ఏడాది కంటే పది పదకొండు రోజులు చిన్నది కాబట్టి మన ఖాళీ నెలలు ఏటా ముందుకి జరుగుతాయి. తెలుగు నెలలు అధికమాసంతో సర్దుకుని దాదాపు అదే కాలంలో ఉంటాయి. 2025లో మొహర్రం, ఆషాఢం రెండూ జూన్ చివర్లో ఒకట్రెండు రోజుల తేడాతో మొదలయ్యాయి. రెండు వైపులా ఖాళీ. మా వాడు ఆ నెల కెమెరా అద్దెకిచ్చి గడిపాడు. 2026లో లెక్క తిరగబడింది. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం, హిందూ పెళ్లిళ్లుండవు, మనవి మాత్రం బక్రీద్‌కి ముందూ తర్వాతా ఉంటాయి. జూన్ మధ్యలో మొహర్రం మొదలైతే, అప్పుడే నిజ జ్యేష్ఠం ముహూర్తాలు మొదలు. రెండు వర్గాల్లోనూ పరిచయాలున్నవాడికి ఒకటి ఆగినప్పుడు రెండోది నడుస్తుంది. ఒక్క మన బస్తీనే నమ్ముకుంటే ఏడాదిలో మూడు నెలలు ఖాళీ. అడ్వాన్సుగా వచ్చిన డబ్బుని ఆదాయం అనుకుని ఖర్చు పెట్టేవాళ్లు మునిగేది ఆ నెలల్లోనే.

ఆ ఖాళీని నింపేవి పెళ్లి కాని పనులు. అకీఖా, బిస్మిల్లా లాంటి చిన్న ఫంక్షన్లు సరే, అసలు పని దుకాణాల్లో ఉంది. రమజాన్‌లో పెళ్లిళ్లు లేకపోవచ్చు, కానీ పత్తర్‌గట్టి బట్టల కొట్లకి, లాడ్ బజార్ గాజుల కొట్లకి, హలీమ్ అమ్మే హోటళ్లకి అదే పెద్ద సీజన్. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి వాళ్లకి మంచి ఫోటోలు కావాలి. స్విగ్గీ, జొమాటోలో హోటల్ మెనూ చూడండి, సగం ఫోటోలు చూస్తే తినాలనిపించదు. మీ వీధిలో ఉన్న బిర్యానీ హోటల్‌కి వెళ్లి ఐదు వంటకాలు తీసి చూపించండి, మాటలతో అడగడం కంటే అది నయం. దుకాణం పనిలో ఒక్కోసారి వచ్చే డబ్బు తక్కువే, కానీ నచ్చితే అదే దుకాణం నెలనెలా పిలుస్తుంది. పెళ్లికొడుకు మళ్లీ పిలవడు కదా! స్కూళ్ల యానివర్సరీ డేలు, హైటెక్ సిటీ కంపెనీల మీటింగులు కూడా ఇలాంటివే.

కంపెనీలతో ఒక ఇబ్బంది, డబ్బు ఆలస్యంగా ఇస్తారు. దీనికోసం ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ఫీజు లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థల దగ్గర సేవ తీసుకున్నవాళ్లు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే చాలాసార్లు ఫిర్యాదు దాకా పోనవసరం ఉండదు.

జీఎస్టీ గురించి భయపడేవాళ్లు ఎక్కువ. తెలంగాణ, ఆంధ్రలో సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మొదలుపెట్టినవాళ్లకి అది దూరం. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ మాత్రం పన్ను పడకపోయినా ఏటా వేయండి. కంపెనీలు కోసిన టీడీఎస్ తిరిగి వచ్చేది దాంతోనే. వీసాకి, ఇంటి అద్దెకి, అవును, రిష్తాకి కూడా చూపించడానికి కాగితం అదే. మా ఖాలూ దగ్గర ఆ రోజు అదొక్కటి ఉన్నా ఆ చాయ్ ఇంకోలా ముగిసేదేమో.

కెమెరా ఎప్పుడు కొనాలి?

అందరూ మొదట చేసే పని ఇదే, నిజానికి చివర్న చేయాల్సింది. కెమెరా, లెన్సులు హైదరాబాద్‌లో రోజు అద్దెకి దొరుకుతాయి. కోఠి, ఆబిడ్స్ దుకాణాల్లో సెకండ్ హ్యాండ్‌వి కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే షట్టర్ కౌంట్ చూడండి, బైక్‌కి కిలోమీటర్ల మీటరు లాంటిది. వడ్డీ వద్దనుకునే మన ఇళ్లలో ఈఎంఐ మీద కొనడం ఇష్టపడరు. ఆపా తన మొదటి కెమెరాని ఆడవాళ్ల ‘కమిటీ’ డబ్బుతో కొన్నారు, పదిమంది నెలకి ఐదు వేల చొప్పున వేసుకుని ఒక్కో నెల ఒక్కొక్కరు ఎత్తుకునేది. ఆమె వంతు నాలుగో నెల వచ్చింది. అప్పటికే అద్దె కెమెరాతో తొమ్మిది ఫంక్షన్లు చేసి ఉన్నారు. వరుస బాగుందని నాకనిపించింది. పని ముందు, కెమెరా తర్వాత.

డ్రోన్ కొనేవాళ్లకి ఒక మాట. 250 గ్రాముల కంటే బరువున్న డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఎక్కడ ఎగరేయకూడదో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి.

గల్ఫ్ నుంచి పిలుపులు కూడా వస్తుంటాయి. మన పెళ్లి ఖర్చులో చాలా భాగం జెద్దా, దుబాయ్ నుంచే వస్తుంది కాబట్టి అక్కడి బంధువులు నచ్చి “ఇక్కడికి రా, మా వాళ్ల ఫంక్షన్ చెయ్యి” అంటారు. విజిట్ వీసా మీద వెళ్లి డబ్బుకి ఫోటోలు తీయడం అక్కడ నేరం. పర్మిట్ ఎవరు ఇప్పిస్తారో తేలాకే టికెట్ గురించి మాట్లాడండి.

మా వాడు ఇప్పుడు రేటు 22 వేలకి పెంచాడు. ఫంక్షన్లు 31 నుంచి 24కి తగ్గాయి, బ్యాంకులో మాత్రం తొమ్మిది వేల కంటే చాలా ఎక్కువే ఉంది. పాత 86 వేలల్లో 35 వసూలయ్యాయి. పోయిన నెల చుట్టాల్లోనే ఒకాయన మనవడి అకీఖాకి రమ్మని ఫోన్ చేశారు. వాడు “జరూర్ చచ్చా” అని, వాట్సాప్‌లో ఆ పది లైన్లు పంపాడు. నేను పక్కనే ఉన్నాను. నీలం టిక్కులు పడ్డాయి. ఇరవై నిమిషాలు జవాబు లేదు. ఖాలా వంటింట్లోంచి “ఎందుకురా, చుట్టాల దగ్గర కూడానా?” అంటోంది. అంతలో ఫోన్ మోగింది. మూడు వేలు, యూపీఐలో. కింద “ఓకే బేటా” అని ఉంది.